మురుకుల డబ్బాలో గాలి

1. విచారణకు పన్నెండు రోజులు

రాసుకో చిలకా. నా పేరు సుంకులమ్మ. రేకులమిట్టలో రేకుల ముఠాకు మేస్త్రిని. వయసు డెబ్భై దాటింది. ఎంత దాటిందో నీ పైవాళ్ళ దగ్గర ఉంటుంది, వాళ్ళను అడుగు. నాకు చదువు రాదు, అందుకే మాట విని రాసే యంత్రానివని విచారణవాళ్ళు నిన్ను నా ముందు పెట్టి వెళ్ళారు. నేను చెప్పిందంతా పుస్తకాల తెలుగులోకి దిద్ది రాస్తావట. దిద్దుకో. కానీ ఎవరైనా నోటితో అన్న మాటను మాత్రం అన్నది అన్నట్టే ఉంచు. అది దిద్దావంటే నిన్ను ఎత్తి కుడితి తొట్టిలో వేస్తాను.

విషయం ఇది. మా అన్న భార్య తిప్పక్కకు ఊపిరితిత్తుల పొరకు కేన్సరు పట్టింది. కుడి పక్క నీరు చేరుతోంది. వారానికోసారి సూది గుచ్చి తీస్తున్నారు. పోయిన వారం చెంబున్నర వచ్చింది. కొండమీది ఆసుపత్రిలో, లోపలికి పోయిన రాతినార పోగులను కరిగించే మందు ఉంది. అది ఎక్కించాలంటే ఆ మనిషి పీల్చిన పోగుల లెక్క ఇరవై ఐదు దాటి ఉండాలి. తిప్పక్క లెక్క మూడు అని పరిశోధనాలయం రాసిచ్చింది. మూడు! ఇరవై రెండేళ్ళు రేకులు పగలగొట్టిన మనిషికి.

మరి ఈ జబ్బు ఎక్కడి నుంచి వచ్చిందయ్యా అంటే, కట్టెల పొయ్యి పొగ వల్ల అయివుంటుందని రాశారు. మా మిట్టలో కట్టె కాల్చి ముప్పై ఏళ్ళయింది. చెట్టు మీద కత్తి పెడితే జైలు. ఇంటింటా ఎండ పొయ్యిలే. ఎండకు పొగ వస్తుందని ఏ బడిలో చెప్పారో కానీ, ఆ బడికి నేను పోకపోవడమే మంచిదయింది.

అమావాస్య నాడు విచారణ. అది దాటితే మందు ఎక్కించినా లాభం లేదని డాక్టరమ్మ చెప్పింది.

2. పదకొండు రోజులు

ఈరోజు మూడు బండ్ల రేకులు వచ్చాయి. సముద్రం మింగిన ఊళ్ళ పైకప్పులు ఇవి. మనుషులు ఎప్పుడో ఎగువకు వచ్చేశారు, వాళ్ళ నెత్తిన ఉండిన సిమెంటు రేకులు ఇంకా వస్తూనే ఉన్నాయి. వాటిలో రాతినార ఉంటుంది. ఆ నార పోగు కంటికి ఆనదు. ముక్కులోంచి లోపలికి పోతే బయటికి రాదు. ఇరవై ఏళ్ళు, ముప్పై ఏళ్ళు ఊరికే కూర్చుంటుంది. తర్వాత పని మొదలుపెడుతుంది.

మా పని ఏమిటంటే, రేకుకున్న కొక్కేలు ఊడదీయాలి, పాచి గీకాలి, సుత్తితో ముక్కలు చేయాలి, గంపలకెత్తి కొలిమి నోట్లో పోయాలి. కొలిమిలో కరిగి గాజు ఇటుకైపోతే ఇక అది ఎవరినీ ఏమీ చేయదు. మొదట్లో ఈ పనికి మరమనుషులను తెచ్చారు. కీళ్ళలో దుమ్ము దూరి పాడైపోతున్నాయని, పాపం, ఆరు నెలలకే వాటిని భద్రంగా వెనక్కి తీసుకుపోయి మమ్మల్ని తెచ్చారు. మా కీళ్ళు బాగానే ఉన్నాయి. దుమ్ముకు మాలో వేరే చోటు దొరికింది.

పని దిగాక తిప్పక్కను చూడడానికి వెళ్ళాను. మంచం మీద కూర్చుని, ముందుకు వాలి, మోకాళ్ళ మీద చేతులు ఆనించి ఊపిరి తీస్తోంది.

"ఏమే సుంకీ, ఎన్ని బండ్లొచ్చినాయి?"

"మూడు."

"నేను లేకుండానే మూడు దించినారా? అయితే ఇన్నేండ్లూ నన్ను ఊరికే పెట్టుకున్నావు."

"నువ్వుంటే రెండే దించేది. ఇంకోటి నీ మాటలకే సరిపోతాది వదినా."

నవ్వబోయింది. నవ్వు దగ్గయింది. దగ్గు ఆగేదాకా చెంబు పట్టుకుని నిలబడ్డాను.

3. తొమ్మిది రోజులు

ఈ సంగతి విచారణలో ఎవరో లాగేలోపల నేనే చెబుతాను.

ఇరవై రెండేళ్ళ కిందట పరిశోధనాధికారి నిరంజనరావు మా మిట్టకు వచ్చాడు. రాతినార ఎంత పీలిస్తే ఎవరికి కేన్సరు వస్తుందో తేల్చడం ఆయన పని. పని మంచిదే. మా ముఠాలో నలభై మందికి తలా ఒక గవ్వ ఇచ్చాడు. సముద్రపు గవ్వ కాదు. ఆ ఆకారంలో ఉండే చిన్న పరికరం. పొద్దున్నుంచి సాయంత్రం దాకా చుట్టూ ఉన్న గాలిలో పోగులను పట్టి దాచుకుంటుంది. దాన్ని మెడలో కట్టుకోవాలి. ఇచ్చేటప్పుడు ఆయన అన్న మాట ఇప్పటికీ నా చెవిలో ఉంది.

"ఇది చాలా సున్నితమైన వస్తువు. తడి తగలకూడదు, దెబ్బ తగలకూడదు, దుమ్ము పట్టించకూడదు. ఎవరి గవ్వ పాడైతే వాళ్ళ పేరు జాబితాలోంచి తీసేస్తాం. తర్వాత జబ్బు చేసినా మాకు సంబంధం లేదు."

దుమ్ము పట్టించకూడదు అన్నాడు. మేము బతికేదే దుమ్ములో. మేస్త్రిని నేను కాబట్టి దారి చూడవలసింది నేనే. మా ఇంట్లో మురుకులు మెత్తబడకుండా దాచే పెద్ద డబ్బా ఉంది. మూత బిగువుగా కూర్చుంటుంది, గాలి కూడా చొరదు. పొద్దున పనిలోకి దిగేముందు నలభై గవ్వలనూ గుడ్డలో చుట్టి అందులో పెట్టి మూత వేసేదాన్ని. సాయంత్రం అందరి స్నానాలూ అయ్యాక తీసి ఎవరిది వాళ్ళకు ఇచ్చేదాన్ని. ఒక్కటి తడవలేదు. ఒక్కటి పగల్లేదు. ఇరవై రెండేళ్ళు.

నిరంజనరావు నెలకోసారి వచ్చేవాడు, అదీ అమావాస్య నాడు. ఆ రోజు మేము సుత్తి ముట్టం. అందరూ ఇళ్ళ దగ్గరే దొరుకుతారని ఆయన ఆ రోజును ఎంచుకున్నాడు. అందుకే మా మిట్టలో రేకు పగలడం ఆయన ఒక్కసారి కూడా కళ్ళతో చూడలేదు. గవ్వలను తీసుకుని, ఒక్కొక్కటీ వెలుగుకు పట్టి చూసేవాడు.

"భలే సుంకులమ్మా! మీవి అద్దాల్లా ఉన్నాయి. పక్క మిట్టవాళ్ళవి దుమ్ము కొట్టుకుపోయాయి. పనికిరావని లెక్కలోంచే తీసేశాను."

విన్నావా చిలకా? దుమ్ము లెక్కపెట్టే వస్తువుకు దుమ్ము పట్టిందని దాన్ని లెక్కలోంచి తీసేశాడు! దుమ్ము అంటనందుకు నాకు ఏటా ఒక స్టీలు బిందె బహుమతి. మా ఇంట్లో ఇరవై ఒక్క బిందెలు ఉన్నాయి. మధ్యాహ్నం తిప్పక్క ఇంట్లో ఆయనకు భోజనం. తిన్నాక మంచం మీద ఇంట్లోకెల్లా మంచి బొంత పరిచేది. గంటన్నర నిద్రపోయి, లేచి, కాఫీ తాగి బండెక్కేవాడు. పరిశోధన అంతటితో అయిపోయేది.

మూత వేసింది నేను. బిందెలు తీసుకున్నది నేను. అదీ రాసుకో. నన్ను నేను తిట్టుకోవలసినంత తిట్టుకున్నాను. ఇప్పుడు మిగతావాళ్ళ వంతు.

4. ఎనిమిది రోజులు

నిన్న ఒక ముక్క చెప్పడం మరిచాను. ఇది చెప్పేంత కోపం నిన్న మిగలక ఆపేశానేమో.

తొమ్మిదో ఏట పరిశోధన ఫలితం అచ్చయింది. రేకులమిట్ట గాలి కొండమీది గాలికన్నా శుభ్రంగా ఉందని తేలిందట. కొండమీద ఏముంది? గడ్డి, మేకలు. మా దగ్గర రోజుకు వెయ్యి రేకులు పగులుతాయి. అయినా ఆ కాగితం చదివిన పెద్దవాళ్ళలో ఒక్కడికి కూడా ఇదేమిటని అనుమానం రాలేదు. సభ పెట్టారు. దండలు వేసుకున్నారు. నన్ను కూడా ఎక్కించి శాలువా కప్పారు. కప్పించుకున్నాను.

అంతవరకు రేకు మీద నీళ్ళు చల్లి పగలగొట్టేవాళ్ళం. తడిసిన రేకు దుమ్ము లేపదు. గాలి ఇంత బాగున్నప్పుడు నీళ్ళు దండగ అని గొట్టం మూసేశారు. మా మురుకుల డబ్బాలో గాలిని చూసి మా నీళ్ళు ఆపారు. పదమూడేళ్ళుగా పొడి రేకే పగలగొడుతున్నాం. ముఠాలో ముగ్గురు పోయారు. ఒకరికి గుండె అని రాశారు, ఒకరికి వయసు అని, మూడో ఆమెకు పొగ అని. పొగ అంటే వీళ్ళకు భలే ఇష్టం.

5. ఏడు రోజులు

పరిశోధనాలయానికి పోయి నిరంజనరావు ముందు నిలబడి డబ్బా సంగతి అంతా చెప్పాను. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

"ఇప్పుడా చెప్పేది? ఇరవై రెండేళ్ళ తర్వాత?"

"మీరు అడగలా సారూ."

"మెడలో వేసుకోమని చెప్పాను కదా."

"దుమ్ము పట్టించొద్దని కూడా చెప్పినారు. రెండూ ఒక్కసారి ఎట్ల చేసేది? మీరు ఒక పూట సుత్తి పట్టి చేసి చూపియ్యండి. మేం కూర్చోని నేర్చుకుంటాం."

"చూడు సుంకులమ్మా, నీ మాట సాక్ష్యం కాదు. సంఖ్య కావాలి. నీ దగ్గర సంఖ్య ఉందా?"

"ఉండాది. ఇరవై ఒక్క బిందెలు."

ఆయనకు నవ్వు రాలేదు. గొంతు తగ్గించాడు. "ఈ డబ్బా కథ బయటపెడితే మీ ముఠా మొత్తం జాబితాలోంచి పోతుంది. ఒక్క తిప్పక్క కోసం నలభై మందిని ముంచుతావా? ఇంటికి వెళ్ళి ఆలోచించుకో."

ఇంటికి వచ్చాను. ఆలోచించుకోవడానికి అక్కడ ఏముంది? జాబితాలో ఉండి పోయినవాళ్ళు ముగ్గురు. జాబితా వాళ్ళకు ఏం పెట్టింది?

6. ఆరు రోజులు

పొద్దున్నే ఒక ఆడమనిషి వచ్చింది. ముంతాజ్ అట. నలభై ఐదేళ్ళుంటాయి. పరిశోధనాలయంలో భూతద్దం కింద పోగులు లెక్కపెట్టడం ఆమె పని. మా గవ్వలన్నీ ఇరవై ఏళ్ళుగా తెరిచింది ఆమేనట. నిన్న నేను అరిచిన అరుపులు పక్క గదిలోకి వినిపించాయట.

"అవ్వా, మీ గవ్వల్లో పోగులు ఉండేటివి కావు. ఎప్పుడు తెరిచినా నూనె వాసన వచ్చేది. ఎందుకో నిన్నటిదాకా తెలీలా."

"మురుకుల నూనె తల్లీ. సారుకు చెప్పలేదా నువ్వు?"

"చెప్పినా. నూనె వాసన రాసేదానికి కాగితంలో గడి లేదన్నాడు."

ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకుని నవ్వాం. అది నవ్వవలసిన సంగతి కాదు. అయినా నవ్వాం.

ఆమె అన్నది, "సంఖ్య నేను కట్టిస్తా. కానీ ఆ దుమ్ములో తిరిగిన వస్తువు ఒకటి కావల్ల. ఏ ఏడాదిదో తెలియల్ల. మొదటేడు నుంచీ ఉండల్ల."

"నా చేతులుండాయి. మొదటేడు నుంచీ ఇవే."

"వాటిని కోసి భూతద్దం కింద పెట్టలేం కదవ్వా."

చెప్పుల దగ్గర నుంచి గంపల దాకా అన్నీ తలుచుకున్నాం. ఏదీ రెండేళ్ళకు మించి నిలవదు. అప్పుడు ముంతాజ్ నా నెత్తిన ఉన్న తలగుడ్డ చూసి, ఇదెప్పటిది అని అడిగింది. ఈ ఏటిది అన్నాను. కొలిమి వాళ్ళు ఏటా తలగుడ్డలు ఇస్తారు, ఏడాదికో రంగు. పనిలో ఉన్నంతసేపూ ముక్కూ నోరూ కప్పి అదే చుట్టుకుంటాం. ఏడాది తిరిగి చినిగితే పాతదాన్ని ఏం చేస్తారు అని అడిగింది.

ఏం చేస్తాం? పారేస్తామా? బొంతలో వేసి కుడతాం. ఒక్కో ఏటి గుడ్డ ఒక్కో పొర.

ఆ మాట నా నోట్లోంచి వచ్చాకే నాకు వెలిగింది. తిప్పక్క బొంత ఇరవై రెండు రంగుల బొంత.

7. ఐదు రోజులు

"బొంత ఇయ్యను," అంది తిప్పక్క.

"ఎందుకు?"

"నా బొంత. నా ఇష్టం."

"నీ పానం కోసమే అడిగేది."

"నా పానం గురించి నాకు తెల్దా? నాకు డెబ్భై ఆరు. చాలు."

ఇదేదో మొండితనం అనుకుని నాలుగు మాటలు అన్నాను. ఆమె అన్నీ విని, ఊపిరి కూడదీసుకుని, మెల్లగా అంది.

"కోస్తే నా లెక్క ఒక్కటే బయటపడతాదా సుంకీ? నా కూతురు ఈరమ్మ రెండు కాన్పులూ ఆ బొంత మీదే. పిల్లోళ్ళిద్దరూ దాని మీదే పొర్లినారు. దాని అంచులు నోట్లో పెట్టుకుని చీకినారు. వాళ్ళకు గవ్వలు లేవు. వాళ్ళ లెక్క ఎవరూ అడగలా. ఇప్పుడు నువ్వు అడిగిస్తావా?"

మంచం మీద ఆమె పక్కన కూర్చున్నాను.

"మనం అడక్కపోతే పోగు కరిగిపోతాదా వదినా?"

"కరగదు. తెలుసు."

"వాళ్ళకు చిన్న వయసు. ఇప్పుడే లెక్క కట్టిస్తే ఇప్పుడే మందు. నీ మాదిరి చెంబున్నర నీళ్ళు పట్టినంక కాదు."

తిప్పక్క తన కింద ఉన్న బొంత కొస పట్టుకుని లాగింది. లాగే బలం లేదు. నేను పట్టి లేపాను.

"ఈరమ్మకు నువ్వే చెప్పు. నా వల్ల కాదు."

"చెప్తా."

"చెప్పేటప్పుడు అరవొద్దు. నువ్వు ముద్దు చేసినా అరిచినట్లే ఉంటాది."

ఈరమ్మకు చెప్పాను. అరవలేదు. ఆమె అరిచింది. అరవనిచ్చాను.

8. మూడు రోజులు

ముంతాజ్ మా పెరట్లోనే బొంత విప్పింది. విప్పేముందు దాని మీద నీళ్ళు చిలకరించింది. తన ముక్కుకు ముసుగు కట్టుకుని, మాకూ తలా ఒకటి ఇచ్చింది. ఒక్క బొంతకు ఇన్ని జాగ్రత్తలు. నలభై మంది ఆడవాళ్ళకు పదమూడేళ్ళు దోసెడు నీళ్ళు చల్లినవాడు లేడు.

కుట్లు నేనే కోశాను. వేసినవి తిప్పక్క చేతి కుట్లు, దగ్గర దగ్గరగా, ఎక్కడా పోగు జారకుండా. పసుపు రంగు మొదటేడు. అప్పుడు నీళ్ళుండేవి, గుడ్డలు మెత్తగా ఉన్నాయి. తొమ్మిదోది నీలం. పదోది ఆకుపచ్చ. ఆకుపచ్చ నుంచి గుడ్డ గరుకుగా తగిలింది, ఎండకు పట్టి చూస్తే సన్నగా మెరిసింది. అందంగా ఉంది పాడుది.

నిన్న ఇంకో పని చేయించింది. నాకు కొత్త తలగుడ్డ, కొత్త గవ్వ ఇచ్చి, రెండూ వేసుకుని పని చేయమంది. గుడ్డలో పట్టిన పోగులకు, గాలిలో ఉన్న పోగులకు పొంతన తెలియాలట. ఇరవై రెండేళ్ళలో మొదటిసారి గవ్వ మెడలో కట్టుకుని సుత్తి పట్టాను. మధ్యాహ్నం కూటి వేళకు గవ్వకు ఎర్ర దీపం వెలిగింది. పాడుచేశానేమోనని తీసి కొంగులో దాచబోయాను. చూశావా, ఇంకా బుద్ధి రాలేదు నాకు.

అది పాడు కాలేదట. నిండిపోయిందట. నెల రోజులకు సరిపోయే గవ్వ ఒక్క పూటలో నిండింది.

9. అమావాస్య

మాకు పని ఉండదు కాబట్టి విచారణ ఈ రోజే పెట్టారు. ముగ్గురు కూర్చున్నారు. మధ్యలో ఉన్న అధ్యక్షురాలు నా ఈడు మనిషి, కాస్త చెవుడు. అందువల్ల నా గొంతుతో ఎవరికీ ఇబ్బంది కలగలేదు. తిప్పక్కను మంచంతో సహా తెచ్చి గోడ పక్కన దించారు. నేను డబ్బాను బల్ల మీద పెట్టి, మూత వేసి, తీసి, ఇరవై రెండేళ్ళ పరిశోధన ఎట్లా జరిగిందో చూపించాను. అధ్యక్షురాలు డబ్బాలోకి తల వంచి వాసన చూసింది.

ముంతాజ్ సంఖ్య చెప్పింది. తిప్పక్క లెక్క అరవై ఒకటి. పదో ఏటి నుంచి, అంటే నీళ్ళు ఆపిన నాటి నుంచి, ఏటా పీల్చింది అంతకుముందు మీద మూడింతలు.

నిరంజనరావు లేచాడు. "బొంత శాస్త్రీయ పరికరం కాదండీ."

"మీ గవ్వ పరికరమేనా?" అని అధ్యక్షురాలు అడిగింది.

"అవును. ప్రతి కార్మికురాలి మెడలోనూ ఉండేది."

"పనిలో ఉండగా మీరు చూశారా?"

"నేను వెళ్ళిన రోజుల్లో చూశాను."

"అమావాస్య పూటనా సారూ?" అని వెనక నుంచి మా ముఠా వాళ్ళు ఎవరో అన్నారు. పేరు చెప్పను. గది గదంతా నవ్వింది.

ముగ్గురూ తలలు దగ్గర పెట్టుకుని కాసేపు మాట్లాడుకున్నారు. తిప్పక్కను ఈ పూటే కొండకు పంపమన్నారు. నీళ్ళ గొట్టం రేపు తెరవమన్నారు. మందు పనిచేస్తుందో లేదో చెప్పలేమని డాక్టరమ్మ అంది. ఆ మాట అనడానికి ఆమెకైనా సిగ్గు ఉంది, తల దించుకుని అంది.

తర్వాత అధ్యక్షురాలు నా వైపు తిరిగింది. "అమ్మా, ఈ బొంత మీద ఎవరెవరు పడుకున్నారో అందరి పేర్లూ చెప్పండి. ఎన్నేళ్ళు, ఎంతసేపు అన్నది కూడా. వాళ్ళందరికీ లెక్క కట్టాలి."

చెప్పాను. తిప్పక్క, ఇరవై రెండేళ్ళు, రోజూ. ఈరమ్మ, పదిహేడేళ్ళు. ఆమె పిల్లలు ఇద్దరు, పుట్టినప్పటి నుంచి. ఆ రెండు పేర్లు చెప్పేటప్పుడు ఈరమ్మ వైపు చూడలేదు. జ్వరం వచ్చినప్పుడు నేను, ఓ నెల రోజులు. అంతేనా అని అడిగితే అంతే అన్నాను.

మనుషులు తిప్పక్క మంచం ఎత్తుతున్నారు. ఆమె చేయి ఎత్తి వాళ్ళను ఆపింది.

"ఏమే సుంకీ, ఒకరిని మర్సినావు."

"ఎవర్ని?"

ఆమెకు ఊపిరి అందలేదు. వేలు చూపించింది. వేలు చూపించిన చోట నిరంజనరావు కాగితాలు సర్దుకుంటున్నాడు.

అందరూ అటు చూశారు. ఆయన కాగితాలు వదిలేశాడు. చేయి దానంతట అదే మెడ దగ్గరకు పోయింది. అక్కడ ఏముంటుంది? టై ముడి ఉంది.

"మీరు అక్కడికి పోయినప్పుడు గవ్వ వేసుకునేవారా?" అని అధ్యక్షురాలు అడిగింది.

"నాకు... అవసరం లేదనుకున్నాను."

అధ్యక్షురాలు నన్ను చూసి, చెప్పమని తల ఊపింది.

రాసుకో చిలకా. ఒక్క అక్షరం దిద్దకుండా రాసుకో. నిరంజనరావు. ఇరవై రెండేళ్ళు, ప్రతి అమావాస్య, భోజనం చేసినాక గంటన్నర. బోర్లా పడుకునేవాడు. మొహం బొంతలో పెట్టి.